కల్పవల్లి గుట్టలు, రికార్డులో ఒక మాట

అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే హైవే మీద, పెనుకొండకి ముందు, చెన్నేకొత్తపల్లి వస్తుంది. జనం నోట్లో సీకేపల్లి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఇది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. హైవే వదిలి ముష్టికోవెల వైపు తిరిగితే గుట్టలు వరసగా మొదలవుతాయి. వాన బాగా పడిన ఏడాది ఈ గుట్టలు గడ్డితో నిండి ఉంటాయి. వంకల వెంట ఈత చెట్లు గుంపులుగా పెరుగుతాయి. గడ్డిలో గొర్రెల మందలు, వాటి వెనక కాపరులు. గుట్టల పైన, సరిగ్గా వెన్నుపూసలాంటి గట్టు మీద, తెల్లటి గాలిమరలు.

ఈ నేల పేరు కల్పవల్లి. ఏడెనిమిది వేల ఎకరాల పైమాటే. చుట్టూ ఎనిమిది దాకా ఊళ్లు దీన్ని కాపాడుకుంటున్నాయి. ఈ పని మొదలై ముప్పై ఏళ్లు దాటింది. రెవిన్యూ రికార్డులో మాత్రం దీని పేరు కల్పవల్లి కాదు, బంజరు. ఆ ఒక్క మాట వల్ల ముప్పై ఏళ్ల పని ఎంత ముందుకి వెళ్లిందో, ఎక్కడ ఆగిపోయిందో చెప్పాలని ఈ వ్యాసం.

ముందు మొదలు ఎలా అయిందో చూద్దాం. 1990లో సీకేపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ పుట్టింది. బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, మరికొందరు మిత్రులు కలిసి 32 ఎకరాల పాడుబడ్డ నేల కొని, దాన్ని మళ్లీ బతికించవచ్చా అని చూశారు. తవ్వకాలు, కట్టలు, విత్తనాలు వేయడం లాంటి పనులు చేశారు కానీ, వాళ్లకి తెలిసొచ్చిన అసలు సంగతి వేరే. నిప్పు పెట్టకుండా, గొడ్డలి వేయకుండా కాపాడితే చాలు, నేల చాలావరకు తనంతట తానే లేచి నిలబడుతుంది. మన మెట్ట గుట్టల్లో చెట్టు నరికినా వేరు చావదు. పైన మోడు కనిపించినా కింద ప్రాణం ఉంటుంది. రెండు మూడు వానాకాలాలు ఊపిరి తీసుకోనిస్తే చిగురు వేస్తుంది.

దాన్ని చూసి పక్క ఊళ్ల వాళ్లు అడిగారు. 1990ల మొదట్లో ముష్టికోవెల గుట్టల్లో పని మొదలైంది. తర్వాత ఒక్కో ఊరు వచ్చి చేరింది. ప్రతి ఊళ్లో వన సంరక్షణ కమిటీ, కాపలాకి మనుషులు, ఎండాకాలం అగ్గి రాకుండా గుట్టల మీద గడ్డి కోసి వదిలిన బాటలు. 2008లో ఈ కమిటీలన్నీ కలిసి కల్పవల్లి పేరుతో వృక్ష పెంపకందారుల సహకార సంఘంగా ఏర్పడ్డాయి.

ఇలా ఇన్ని ఊళ్లు కలిసి చేసే పనిని భాగస్వామ్యం అంటాం. ఆ మాట వినగానే ఒక ఎన్జీవో, ఒక ఫండ్, ఒక బోర్డు గుర్తొస్తాయి. ఇక్కడ అలా కాదు. ఇందులో రైతులు ఉన్నారు, కూలీలు ఉన్నారు, ఈతాకు కోసి చీపుర్లు, బుట్టలు, చాపలు అల్లే ఆడవాళ్లు ఉన్నారు, ఎక్కడెక్కడి నుంచో మందలు తోలుకొచ్చే కాపరులు ఉన్నారు. వీళ్లందరి అవసరాలూ ఒకటి కావు. అగ్గి సంగతే తీసుకోండి. ఎండిన ముదురు గడ్డిని కాల్చేస్తే తొలకరికి లేత చిగురు వస్తుంది, గొర్రెలు ఇష్టంగా తింటాయి. అందుకే కొండల్లో నిప్పు పెట్టడం మన దగ్గర పాత అలవాటు. అదే నిప్పు మొలకల్నీ, రాలిన విత్తనాల్నీ కాల్చేస్తుంది. కాపరికి వచ్చే నెల మేత ముఖ్యం, ఊరికి పదేళ్ల తర్వాత చెట్టు ముఖ్యం. ఈ ఇద్దరి మధ్య రాజీ కుదరకపోతే ఏ కాపలాదారుడూ గుట్టని కాపాడలేడు. కల్పవల్లిలో మేతని నిషేధించలేదు. నిప్పుని, నరకడాన్ని ఆపారు. మందలకి దారి తెరిచే ఉంచారు. నన్నడిగితే వాళ్లు తీసుకున్న నిర్ణయాలన్నిట్లో ఇదే గొప్పది. మంద మేసుకునే చోట నిప్పు లేస్తే ముందుగా చూసేది, ముందుగా కొమ్మ విరిచి కొట్టి ఆర్పేది కాపరే.

ఇక నీళ్లు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి, ఈశాన్యం తూర్పు తీరం దాటి ఇక్కడికి వచ్చేసరికి నీరసిస్తుంది. ఆ పడే కొంచెమూ నెమ్మదిగా పడదు, నాలుగైదు గట్టి జడుల్లో కురిసి పోతుంది. గుట్ట బోడిగా ఉంటే ఆ నీళ్లు పరుగెత్తుకుంటూ మట్టిని కూడా వెంట తీసుకుని చెరువులో పడతాయి. చెరువు ఒక్కరోజులో నిండినట్టు కనిపిస్తుంది, ఏటేటా పూడిక మాత్రం పెరిగిపోతుంది. గుట్ట మీద గడ్డి ఉంటే నీళ్లు ఆగి ఆగి దిగుతాయి, కొంత నేలలోకి ఇంకుతాయి. వంక ఎక్కువ రోజులు పారుతుంది, బావుల్లో తేమ నిలుస్తుంది. చెరువులోకి వచ్చే నీళ్లు ఆలస్యంగా వస్తాయి కానీ తేటగా వస్తాయి. గడ్డి పెరిగిన తర్వాత ‘మునుపటిలా ఒక్క వానకే చెరువు నిండట్లేదే’ అని ఎవరికైనా అనిపించొచ్చు. అది నష్టం కాదు. అదే నీళ్లు పైన గుట్ట కడుపులో దాగి ఉన్నాయి.

ఎన్ని చెట్లు పెరిగాయి అనే లెక్కతో ఇలాంటి పనిని కొలవడం నాకు నచ్చదు. కల్పవల్లి అడవి అంటే మనం బొమ్మల్లో చూసే గుబురు అడవి కాదు. ఇది గడ్డి, ముళ్ల పొదలు, చిన్న చెట్లు, రాళ్లు కలిసిన నేల. ఇక్కడ తోడేళ్లు ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులికి ఉన్నంత రక్షణ తోడేలుకీ ఉంది, రెండూ మొదటి షెడ్యూలులోనే ఉన్నాయి. అయితే పులి ఉండే దట్టమైన అడవి తోడేలుకి పెద్దగా సరిపడదు. దానికి కావలసింది కుందేళ్లు తిరిగే గడ్డి, దూరం వరకు కనిపించే బయలు, రాళ్ల మధ్య ఈనడానికి ఒక గుంత. అలాంటి నేల మీద లక్ష మొక్కలు నాటితే రిపోర్టులో పచ్చగా కనిపిస్తుంది, తోడేలుకి మాత్రం ఇల్లు పోతుంది, గొర్రెకి మేత పోతుంది.

ఇంత వరకు ఈ కథ మంచి కథే. ఇక చిక్కు దగ్గరికి వద్దాం.

ఆంధ్ర ప్రాంతంలో ప్రతి సర్వే నంబరుకీ రికార్డులో ఒక తరగతి ఉంటుంది. పట్టా భూమి ఒకటి. ఊరికి పనికొచ్చే గ్రామకంఠం, వాగు, దారి, శ్మశానం, పశువుల మేత లాంటివి పోరంబోకు. ఇవేవీ కాకుండా సాగులో లేక ప్రభుత్వం చేతిలో మిగిలింది బంజరు. శిస్తు ఇంత అని నిర్ణయించి ఉండి కూడా సాగులో లేని మెట్టని ఆఫీసుల్లో ఏడబ్ల్యూడీ (అసెస్డ్ వేస్ట్ డ్రై) అంటారు. ఊళ్లల్లో అనాధీనం అంటారు. ఈ విభజన బ్రిటిష్ వాళ్ల సర్వే సెటిల్‌మెంట్ల నాటిది. వాళ్లు నేలని చూసిన చూపు ఒక్కటే: దీని మీద శిస్తు వస్తుందా, రాదా? రాకపోతే వేస్ట్. ఆ నేల మీద వెయ్యి గొర్రెలు బతుకుతున్నా, పది ఊళ్లకి వంట చెరకు వస్తున్నా శిస్తు రాదు కాబట్టి అది వేస్టే. ఆ మాటనే తెలుగులో బంజరు అని రాసుకున్నాం.

స్వతంత్రం వచ్చాక కూడా ఆ చూపు పూర్తిగా మారలేదు. 1985లో కేంద్రం జాతీయ బంజరు భూముల అభివృద్ధి బోర్డు పెట్టింది. తర్వాత మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల నుంచి దేశం మొత్తానికి బంజరు భూముల అట్లాస్‌లు తయారు చేసింది. 2019లో వచ్చిన అట్లాస్ ప్రకారం దేశ విస్తీర్ణంలో 16.96 శాతం, అంటే 5.57 కోట్ల హెక్టార్లు బంజరు. ఆ లెక్కలో 23 రకాలు ఉన్నాయి. పొదలు దట్టంగా ఉన్న నేల, పొదలు పలచగా ఉన్న నేల కూడా ఆ రకాల్లోనే ఉన్నాయి. అట్లాస్ చేసిన శాస్త్రవేత్తల తప్పు ఇందులో లేదు. ఆకాశం నుంచి పొదలు కనిపిస్తాయి. ఆ పొదల కింద ఎవరి కాపలా ఉందో, ఎవరి మంద మేస్తుందో కనిపించదు. ఆ మ్యాపుని పట్టుకుని పరిశ్రమకి భూమి వెతికే అధికారికి మాత్రం అక్కడ ఖాళీ కనిపిస్తుంది.

కల్పవల్లిలో జరిగింది అదే. 2010 తర్వాత గాలి విద్యుత్ ప్రాజెక్టు ఈ గుట్టల పైకి వచ్చింది. కాగితం మీద భూమి ప్రభుత్వానిది, కేటాయించింది. ఇరవై ఏళ్లుగా కాపాడుతున్న ఊళ్లకి దాంట్లో మాట చెప్పే చోటు దొరకలేదు. నలభైకి పైగా మరలు కల్పవల్లి హద్దులోనే లేచాయి.

ఒక్కో మర కింద పట్టే స్థలం చిన్నదే కదా, గాలి విద్యుత్ మంచిదే కదా అని చాలామంది అంటారు. నేనూ గాలి విద్యుత్ కావాలనే వాడినే. ఎండలు ముదిరిపోతున్న రాయలసీమలో ఉండి బొగ్గు మీదే ఆధారపడదాం అని ఎలా అంటాం? అయితే మర ఒక్కటే రాదు. దాని రెక్క పొడవు చూసిన వాళ్లకి తెలుస్తుంది, అది ఎక్కిన లారీ ఎడ్లబండి బాటలో తిరగలేదు. వెడల్పాటి, వాలు తక్కువైన రోడ్డు కావాలి. ఆ రోడ్డు కోసం గుట్ట పక్కని కోస్తారు. కోసిన మట్టి, రాళ్లు కింద వాలు మీదకి దొర్లుతాయి. గుట్ట వెన్ను దగ్గరే చిన్న చిన్న వంకలు పుడతాయి. అక్కడ రోడ్డు అడ్డం పడితే వంక పుట్టుకే మారిపోతుంది. వానలకి ఆ వదులు మట్టి జారి వంకలో, వంక నుంచి చెరువులో పడుతుంది. ఇరవై ఏళ్లు గడ్డి ఆపిన పూడికని ఒక రోడ్డు రెండు వానాకాలాల్లో కిందికి పంపగలదు. ఇంతకాలం కాలిబాటతో సరిపెట్టుకున్న గుట్టకి రోడ్డు పడ్డాక, కట్టెలు కొట్టే వాళ్లకీ లోపలికి దారి దొరికినట్టే.

ఇదంతా ముందుగా లెక్క వేయాల్సిన పని లేకుండా పోయింది. ఎందుకంటే 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్ లేదు. అంటే కంపెనీ పర్యావరణ అనుమతి తీసుకోనక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణ పెట్టనక్కర్లేదు. కాలుష్యం లేని విద్యుత్ కాబట్టి మినహాయింపు ఇచ్చారు. పొగ రాదన్నది నిజమే. కానీ ప్రభావం అంటే పొగ ఒక్కటే కాదు. గడ్డి, నీరు, మంద దారి కూడా పర్యావరణమే. ఊళ్ల తరఫున ఈ వ్యవహారం 2013లో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

అక్కడే నాకు ఈ సమస్య ముడి ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది. కంపెనీ ఇది కాకపోతే ఇంకొకటి వస్తుంది. నంబులపూలకుంటలో సోలార్ పార్కు వచ్చింది, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, హైవే పక్క ఎకరం ధర ఆకాశానికి వెళ్లింది. బంజరు అని రాసి ఉన్నంత కాలం ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. మరి ఆ మాటని మార్చడానికి చట్టంలో దారి లేదా?

దారులు ఉన్నాయి, కానీ ప్రతిదీ గుమ్మం దగ్గరకి వచ్చి ఆగుతుంది. 1992 నుంచి మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు ఉన్నాయి, అవి అటవీ శాఖ భూమి మీద పని చేసేవి. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కు ఇస్తుంది, అదీ అటవీ భూమి మీదే. కల్పవల్లి చూడటానికి అడవి, రికార్డులో రెవిన్యూ భూమి. ఆ హక్కు ఇక్కడికి రాదు.

వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణ రెండు కొత్త రకాల రక్షిత ప్రాంతాలు తెచ్చింది. ఒకటి కమ్యూనిటీ రిజర్వు, రెండోది కన్జర్వేషన్ రిజర్వు. పేరు చూస్తే మొదటిది కల్పవల్లికి కుట్టించినట్టే ఉంటుంది. కానీ అది ప్రైవేటు భూమిలో గానీ, సామాజిక వర్గానికి చెందిన భూమిలో గానీ పెట్టాలి. ఇది ప్రభుత్వ భూమి. రెండోది ప్రభుత్వ భూమిలో పెట్టొచ్చు. అయితే అది అటవీ శాఖలోని ముఖ్య వన్యప్రాణి సంరక్షణ అధికారి పర్యవేక్షణలోకి వెళ్తుంది. కమిటీలో పంచాయతీ ప్రతినిధికి చోటు ఉంటుంది గానీ, అది సలహా ఇచ్చే చోటే. ఇప్పటి దాకా ఊళ్లే కాపాడిన నేలలోకి వెళ్లడానికి రేపు కాపరి ఎవరినో అనుమతి అడగాల్సి వస్తే, అతనికి గుట్ట మీద మమకారం మిగులుతుందా? 2002 జీవవైవిధ్య చట్టం కింద వారసత్వ స్థలంగా ప్రకటించడం ఇంకో దారి. తెలంగాణలో అమీన్‌పూర్ చెరువుకి 2016లో ఆ గుర్తింపు వచ్చింది. గుర్తింపు గౌరవమే, అయితే రికార్డులో భూమి తరగతి దానంతట అది మారదు.

నాకు ఎక్కువ ఆశ కనిపించేది పాత దారుల్లోనే. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మేత పోరంబోకు, కళ్లాలు, శ్మశానాలు, బండి బాటలు, తోపులు, ప్రభుత్వానికి ప్రత్యేక అవసరం లేనంతవరకు గ్రామ పంచాయతీకి చెందుతాయి. ఒక్కసారి ఆలోచించండి. అదే గుట్ట రికార్డులో మేత పోరంబోకు అయితే పంచాయతీది. బంజరు అయితే ప్రభుత్వానిది. గొర్రె తినే గడ్డిలో తేడా లేదు, గుమస్తా రాసిన మాటలోనే తేడా. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల్ని అన్యాక్రాంతం చేయొద్దని, ఆక్రమణలు తొలగించి ఊరికి అప్పగించే పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఊళ్లకి అదొక ఆయుధం. అయితే ఇది ఉమ్మడి భూమి అని ముందు కాగితం చెప్పాలి.

లీజు అనే దారి కూడా ఉంది. 1980ల చివర జాతీయ పాడి అభివృద్ధి సంస్థ అండతో వృక్ష పెంపకందారుల సహకార సంఘాలు మొదలైనప్పుడు, రెవిన్యూ బంజరుని ఆ సంఘాలకి లీజుకి ఇప్పించడం ఆ పద్ధతిలో భాగం. మదనపల్లె వైపు కొన్ని ఊళ్లు ఆ దారిలో నడిచాయి. లీజు శాశ్వతం కాదు. కానీ లీజు ఉన్న సంఘాన్ని అడగకుండా భూమి ఇంకొకరికి ఇవ్వడం కష్టం. కనీసం నోటీసు వస్తుంది, కూర్చుని మాట్లాడే కుర్చీ దొరుకుతుంది.

ఇక్కడ ఊళ్ల లోపలి మాట కూడా నిజాయితీగా చెప్పాలి. బంజరు మీద కన్ను కంపెనీలకే కాదు. భూమి లేని దళిత కుటుంబం రెండెకరాలకి దరఖాస్తు పెట్టి డీకేటీ పట్టా (భూమి లేని పేదలకి ప్రభుత్వ భూమి మీద ఇచ్చే పట్టా) తెచ్చుకోవాలనుకోవడంలో తప్పేముంది? ఉన్నోళ్లకి పట్టాలు, మాకు మాత్రం గడ్డి కాపాడమని నీతులా అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నని తోసేయలేం. వేరుశనగ వేసి కరువుకి నష్టపోయినా, తన పేరున ఒక పట్టా ఉండటంలో గౌరవం ఉంది. అందుకే ఉమ్మడి నేల నుంచి వచ్చే ఆదాయం ముందుగా భూమి లేని ఇళ్లకి చేరాలి. ఈతాకు, గడ్డి, వంట చెరకు కోసుకునే హక్కులో వాళ్లకి మొదటి పీట ఉండాలి. అలా లేకపోతే, ఊరి పేరుతో నడిచేది నలుగురు పెద్ద రైతుల సంఘం అవుతుంది, ఏదో ఒక రోజు గ్రామసభలోనే అది ఓడిపోతుంది.

మరి ఎంత ముందుకి వెళ్లాం అంటే? నేల లేచింది. వంకలో నీళ్లు నిలిచాయి. తోడేలు తిరుగుతోంది. కొన్ని వందల ఇళ్లకి గుట్ట నుంచి ఎంతో కొంత దొరుకుతోంది. ఎనిమిది ఊళ్లు ఒక కమిటీ బల్ల దగ్గర కూర్చోవడం నేర్చుకున్నాయి, అది అన్నిటికన్నా కష్టమైన పని. హక్కు దగ్గర మాత్రం 1990ల మొదట్లో ఎక్కడ నిలబడ్డామో దాదాపు అక్కడే ఉన్నాం.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. దాదాపు వందేళ్ల తర్వాత గొలుసు స్థానంలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో కొలిచే పరికరాలు వచ్చాయి. ఊరి పొలిమేరలు, ప్రభుత్వ భూములు, పట్టా భూములు అన్నీ కొత్తగా కొలిచి, ప్రతి కమతానికీ కొత్త నంబరు ఇస్తున్నారు. పట్టాదారులు తమ గట్టు దగ్గర నిలబడి రెండు అడుగుల కోసం గట్టిగా అడుగుతారు, అడగాలి కూడా. ఉమ్మడి గుట్ట దగ్గరకి టీమ్ వచ్చినప్పుడు మాత్రం చాలా ఊళ్లల్లో ఎవరూ ఉండరు, అది అందరిదీ కాబట్టి. మీ ఊరికి ఒక గుట్ట, ఒక మేత బీడు, ఒక ఈత వనం ఉంటే, సర్వే వచ్చే రోజు తెలుసుకుని కాపరుల్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లండి. మందలు ఏ బాటన వెళ్తాయో, ఏ వంకలో నీళ్లు తాగుతాయో చూపించండి. గ్రామసభలో తీర్మానం రాయించి, దాని కాపీ ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి. బంజరు అని రాయబోయే గడిలో మేత అని రాయమని అడగండి.